అడుగు మెత్తబడని కూరగాయల చీజ్ టార్ట్: గుడ్డుతో ఒకటి, గుడ్డు లేకుండా ఒకటి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకూ ఇది. నవంబరులో వచ్చే అమెరికా పండగ థ్యాంక్స్‌గివింగ్‌కి మీ ఇంటికి 18 మంది వస్తున్నారు. సగం మంది శాకాహారులు, అందులో నలుగురు గుడ్డు కూడా ముట్టరు. వాళ్ళ కోసం కూరగాయలు, చీజ్ వేసి టార్ట్, అంటే గిన్నెలా పరిచిన పిండిలో (దాన్నే క్రస్ట్ అంటారు) కూర నింపి ఓవెన్‌లో కాల్చే వంటకం, చేద్దామనుకుంటున్నారు. పోయినేడు చేస్తే పైన చక్కటి రంగు వచ్చింది గానీ, కోసేసరికి అడుగు పచ్చిపిండిలా ఉంది, ముక్క పళ్ళెంలో పెట్టగానే నీళ్ళు కారాయి. ఎక్కడ తప్పు జరిగింది, ఏ చీజ్ వాడాలి, ఓవెన్ ఒక్కటే కాబట్టి ఎప్పుడు చేసుకోవాలి అని అడిగారు.

నేను న్యూజెర్సీ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. వచ్చిన కొత్తలో ఈ పండగ భోజనాలకి వెళ్తే శాకాహారులకి మిగిలేది బంగాళదుంప ముద్ద, బ్రెడ్ రోల్ మాత్రమే. స్టఫింగ్ అనే బ్రెడ్ వంటకంలో చికెన్ నీళ్ళు పోస్తారు, బీన్స్‌లో బేకన్ (పంది మాంసం) ఉంటుంది, చిలగడదుంప మీద పేర్చే మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మా అత్తగారు ఒక ఏడాది అలాంటి బల్ల దగ్గర పెరుగు అడిగి, రోల్ నంజుకుని లేచిపోయారు. ఆ మరుసటి ఏడు నుంచే టార్టులు నేర్చుకోవడం మొదలుపెట్టాను. శాకాహారులకి కూడా బల్ల మధ్యన పెట్టి కోసి వడ్డించే వంటకం ఒకటి ఉండాలని నా పట్టుదల. ఇప్పుడు నవంబరు, డిసెంబరు నెలల్లో తెలిసినవాళ్ళకి వారానికి నాలుగైదు చేసిస్తాను. మీకు జరిగింది నాకూ చాలాసార్లు జరిగింది.

మీ టార్ట్‌ని పాడుచేసినవి నీళ్ళు. టమాటాలో, జుకినీలో (దోసకాయలా కనిపించే స్క్వాష్) నూటికి 94, 95 వంతులు నీళ్ళే. పుట్టగొడుగుల్లో 92, పాలకూరలో 91. మీరు పచ్చి జుకినీ, టమాటా చక్రాలు పేర్చి, పైన గుడ్లూ పాలూ పోసి, పచ్చి క్రస్ట్‌తోనే ఓవెన్‌లో పెట్టానన్నారు. వేడికి కూరగాయల్లోని నీళ్ళు బయటికి వచ్చి కిందికి దిగుతాయి. కింద ఉన్నది ఇంకా ఉడకని పిండి. ఆ తడిలో అది కాలదు, ఉడుకుతుంది. ఓవెన్‌లో ఇంకో 20 నిమిషాలు ఉంచినా పైన మాడుతుందే తప్ప అడుగు బాగుపడదు.

అందుకని టార్ట్‌ని మూడు వేరే వంటలుగా చూడండి: క్రస్ట్, కూర, ఈ రెండింటినీ పట్టి ఉంచే కస్టర్డ్ (తీపిది కాదు, గుడ్లూ పాలూ కలిపి పోసేది). క్రస్ట్ విడిగా పూర్తిగా కాలాలి. కూర విడిగా నీళ్ళన్నీ వదిలేయాలి. కస్టర్డ్ పోశాక ఓవెన్‌కి మిగిలే పని దాన్ని గట్టిపరచడం ఒక్కటే.

క్రస్ట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన చేతులకి కొత్త అలవాటు నేర్పాల్సింది ఇక్కడే. 9 అంగుళాల వెడల్పు, అంగుళం లోతు ఉండి, అడుగు ఊడివచ్చే టార్ట్ పళ్ళెం ఒకటి తీసుకోండి. దానికి 200 గ్రాముల ఆల్ పర్పస్ పిండి, అంటే కప్పూ మూడింట రెండు వంతులు. ఒక స్టిక్ ఉప్పులేని బటర్, 113 గ్రాములు. అర టీస్పూను ఉప్పు. మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల ఐస్ నీళ్ళు. బటర్‌ని చిన్న ముక్కలుగా కోసి 15 నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి, తర్వాత పిండిలో వేసి వేళ్ళ కొసలతో నలపండి. అరచేయి తగలనివ్వకండి, అది వేడిగా ఉంటుంది. బటర్ మొత్తం కలిసిపోకూడదు. శనగపప్పంత ముక్కలు, అక్కడక్కడ బఠానీ గింజంతవి కనిపిస్తూ ఉండగానే ఆపేయాలి. అమెరికాలో అమ్మే బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు. ఓవెన్ వేడికి ఆ నీరు ఆవిరై పిండిని పొరలుగా లేపుతుంది. మన ఊళ్ళో బేకరీ కర్రీ పఫ్‌లో పొరలు విచ్చుకునేది కూడా ఇలాగే. బటర్ ముందే కరిగి పిండిలో ఇంకిపోతే పొరలు రావు, బిస్కట్‌లా గట్టిగా తయారవుతుంది.

ఇప్పుడు నీళ్ళు. ఒక్కో చెంచా చల్లుతూ ఫోర్కుతో కలపండి. మూడో చెంచా అయ్యాక పిడికెడు తీసుకుని నొక్కి చూడండి. సున్నుండ చుట్టేటప్పుడు నెయ్యి సరిపోయిందో లేదో ఎలా చూస్తామో అలాగే. ముద్దగా నిలబడి, వేలితో పొడిస్తే పగిలితే చాలు. పొడిపొడిగా రాలిపోతే ఇంకో చెంచా. మనకి చపాతీ పిండి, పూరీ పిండి కలిపిన అలవాటు కదా, ఈ దశలో చేయి దానంతట అదే మర్దించడం మొదలుపెడుతుంది. అక్కడే ఆపుకోవాలి. మర్దిస్తే పిండిలో గ్లూటెన్ సాగే గుణం తెచ్చుకుంటుంది. చపాతీకి అది కావాలి. టార్ట్‌కి అదే ఉంటే ఓవెన్‌లో అంచులు ముడుచుకుపోయి పళ్ళెంలోకి జారిపోతాయి. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, బిళ్ళలా అదిమి, కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు రోజులు ఉన్నా ఏమీ కాదు.

వత్తేటప్పుడు 12 అంగుళాల చక్రం, చపాతీ కంటే కాస్త మందంగా, 3 మిల్లీమీటర్లు. అప్పడాలకర్రకి చుట్టుకుని పళ్ళెం మీద పరిచాక, అంచులు ఎత్తి మూలల్లోకి దానంతట దాన్నే దిగనివ్వండి. లాగి అతికిస్తే, లాగినంత మేర ఓవెన్‌లో వెనక్కి పోతుంది. పైన మిగిలిన పిండిని కర్రతో దొర్లించి కోసేయండి గానీ పారేయకండి. క్రస్ట్ కాలాక ఎక్కడైనా బీట కనిపిస్తే ఆ పిండి చిటికెడు తీసుకుని పూడ్చుకోవాలి, లేకపోతే కస్టర్డ్ ఆ సందులోంచి కిందికి కారిపోతుంది. అడుగంతా ఫోర్కుతో గుచ్చి, పళ్ళెంతో సహా 30 నిమిషాలు ఫ్రీజర్లో పెట్టండి.

ఓవెన్‌ని 400 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 200 సెల్సియస్‌కి వేడిచేసి, లోపల ఒక పెద్ద బేకింగ్ ట్రేని కూడా వేడెక్కనివ్వండి. ఫ్రీజర్లోంచి తీసిన క్రస్ట్ మీద పార్చ్‌మెంట్ కాగితం నలిపి పరిచి, అంచుల దాకా ఎండు రాజ్మా గానీ శనగలు గానీ నింపండి. రెండు పౌండ్లదాకా పడతాయి. కొంచెమే పోస్తే గోడలు కూలిపోతాయి. ఆ వేడి ట్రే మీదే పెట్టండి, అడుగుకి వెంటనే వేడి తగులుతుంది. 20 నుంచి 25 నిమిషాల తర్వాత కాగితాన్ని గింజలతో సహా జాగ్రత్తగా ఎత్తి తీసేసి, ఖాళీ క్రస్ట్‌ని మళ్ళీ 10, 12 నిమిషాలు కాల్చండి. చాలామంది తొందరపడేది ఈ చివరి పది నిమిషాల దగ్గరే. కాగితం తీసినప్పుడు అడుగు తెల్లగా, కాస్త మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపంతా తడి. మెరుపు పోయి, మారీ బిస్కట్ రంగు వచ్చేదాకా ఉంచండి. వేలి గోరుతో తడితే పొడి చప్పుడు రావాలి. గింజల్ని ఒక సీసాలో పోసి ఉంచుకోండి. కూరకి పనికిరావు గానీ ఏళ్ళ తరబడి ఇదే పనికి వాడుకోవచ్చు.

వేడి క్రస్ట్ మీద వెంటనే రెండు పనులు చేస్తాను. ఒక టేబుల్‌స్పూను డిజాన్ ఆవపిండి ముద్ద పల్చగా పూసి, దాని మీద గుప్పెడు తురిమిన చీజ్ చల్లుతాను. చీజ్ కరిగి, తడి కిందికి దిగకుండా ఒక పొరలా అడ్డుకుంటుంది. కూరలో ఇంకా తేమ ఉందని అనుమానం వస్తే ఒక చెంచా బొంబాయి రవ్వ కూడా చల్లుతాను. రవ్వ ఆ కాస్త తడినీ పీల్చేసుకుంటుంది, తినేటప్పుడు ఉందని కూడా తెలియదు.

కూరగాయల విషయానికి వస్తే, నవంబరులో టమాటా, జుకినీ వదిలేయండి. అప్పుడు దొరికే టమాటాకి రుచి ఉండదు, నీళ్ళు మాత్రం ఉంటాయి. ఆ కాలంలో బాగుండేవి బటర్‌నట్ స్క్వాష్ (తియ్యగా ఉండే గుమ్మడి రకం), లీక్స్ (లావుపాటి ఉల్లికాడల్లాంటివి), పుట్టగొడుగులు, ఆకుకూరలు, ఉల్లిపాయ. నేను ఎక్కువగా చేసేది ఉల్లిపాయ, స్క్వాష్, పాలకూర కలిపి. ఒక టార్ట్‌కి వండిన కూర మొత్తం 300 గ్రాములు దాటకుండా చూసుకోండి. అంతకన్నా ఎక్కువ కుక్కితే కస్టర్డ్‌కి చోటు ఉండదు, ముక్క విడిపోతుంది.

రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా పొడుగ్గా తరిగి, బటర్, నూనె కలిపి సన్నసెగ మీద వేయించండి. పది నిమిషాల్లో ఎర్రబడతాయని రాసే వంటకాల్ని నమ్మకండి. 40, 45 నిమిషాలు పడుతుంది. మొదట్లో బాండీలో చప్పుడు తడిగా, కుతకుతమన్నట్టు ఉంటుంది. నీళ్ళు ఇగిరేకొద్దీ ఆ చప్పుడు పొడిబారి చిటపటలోకి మారుతుంది. అడుగున గోధుమరంగు పట్టినప్పుడల్లా ఒక చెంచా నీళ్ళు చల్లి గీకండి, రుచంతా అక్కడే ఉంటుంది. చివరికి బెల్లంపాకం రంగులో, పిడికెడంత మిగులుతాయి. ఇది రెండు రోజుల ముందే చేసుకోవచ్చు.

స్క్వాష్‌ని అరంగుళం ముక్కలు కోసి, నూనె, ఉప్పు, మిరియాలు పట్టించి 425 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరవాలి, లేకపోతే ఆవిరికి ఉడికి మెత్తబడతాయి. పాలకూర తాజాదైనా, ఫ్రోజెన్‌దైనా మగ్గించి పిండాల్సిందే. 10 ఔన్సుల ఫ్రోజెన్ ప్యాకెట్‌ని పల్చటి గుడ్డలో కట్టి పిండి కొలిచాను ఒకసారి, దాదాపు అరకప్పు నీళ్ళు వచ్చాయి. ఆ అరకప్పు టార్ట్‌లోకి వెళ్తే ఏమవుతుందో మీకు తెలుసు. చేతులతో పిండితే సరిపోదు, గుడ్డలో మెలిపెట్టి పిండండి. పుట్టగొడుగులు వేసేట్టయితే నూనె లేకుండా పొడి బాండీలో మొదలుపెట్టి, అవి వదిలిన నీళ్ళన్నీ ఇగిరాకే నూనె, ఉప్పు వేయండి. లీక్స్ పొరల మధ్య ఇసుక ఉంటుంది, నిలువుగా చీల్చి నీళ్ళలో ముంచి కడగాలి.

మసాలా ఎంత వేయాలన్నది ఇంటింటికీ మారేదే. నా మట్టుకు గరం మసాలా వేయను, చీజ్ రుచిని అది పూర్తిగా కప్పేస్తుంది. మిరియాలు, పాలకూర ఉంటే కాస్త తురిమిన జాజికాయ, థైమ్ ఆకులు ఒక చెంచా, అంతే. థైమ్ లేకపోతే పావు టీస్పూను వాము నలిపి వేయండి. రెండింటికీ ఆ వాసన ఇచ్చేది థైమాల్ అనే ఒకటే పదార్థం, పెద్దగా తేడా తెలియదు. ఉప్పు సగమే వేయండి, మిగతా సగం చీజ్ తెస్తుంది.

ఇక చీజ్. ఇది మీ అతిథుల విషయంలో రుచికన్నా పెద్ద మాట, అందుకని జాగ్రత్తగా చదవండి. పాలు గట్టిపడి చీజ్ కావడానికి రెనెట్ అనే ఎంజైమ్ వేస్తారు. సంప్రదాయంగా అది పాలుతాగే దూడ పొట్టలోంచి తీసేది. ఇటలీ పార్మిజానో రెజ్జానోకి, స్విట్జర్లాండ్ గ్రుయేర్‌కి వాటి రక్షిత పేర్ల నియమాల ప్రకారం ఇప్పటికీ దూడ రెనెట్టే వాడతారు. పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లది. టార్ట్, కీష్ (టార్ట్‌లాంటిదే, గుడ్డు కస్టర్డ్‌తో చేసేది) వంటకాల్లో సగం వాటిలో రాసి ఉండేది ఈ గ్రుయేర్, పార్మిజానోలే. నేను కూడా ఆ సంగతి తెలియకుండా మూడేళ్ళు గ్రుయేర్ వేసి, మాంసం ముట్టని పెద్దవాళ్ళకి పెట్టాను. ఒకరోజు ఒక పెద్దాయన "అమ్మా, ఇందులో రెనెట్ ఏది?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆయన ఒక్కమాట అనలేదు, పళ్ళెం పక్కన పెట్టారు. ఆ రోజు నుంచి లేబుల్ చదవకుండా చీజ్ కొనలేదు.

ఇప్పుడు దారి సులువైంది. సూక్ష్మజీవులతో తయారుచేసే ఎంజైమ్‌కి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1990లో అనుమతి ఇచ్చింది, ఇక్కడి చెడ్డర్‌లో ఎక్కువ భాగం ఇప్పుడు దానితోనే చేస్తారు. లేబుల్ మీద "మైక్రోబియల్ ఎంజైమ్స్" అనో "వెజిటబుల్ రెనెట్" అనో ఉంటే నిశ్చింతగా వాడండి. ఉత్త "ఎంజైమ్స్" అని ఉంటే దేనివో లేబుల్ చూసి చెప్పలేం, తయారీదారు వెబ్‌సైట్‌లో చూసి గానీ, మెయిల్ పెట్టి గానీ తెలుసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్ళకి ప్యాకెట్ మీద పచ్చచుక్క చూస్తే సరిపోతుంది.

ఒక టార్ట్‌కి నేను 100 గ్రాముల షార్ప్ వైట్ చెడ్డర్, 60 గ్రాముల మేకపాల చీజ్ వేస్తాను. చెడ్డర్ కరిగి కలుస్తుంది, మేకపాలది అక్కడక్కడ పుల్లగా తగిలి స్క్వాష్ తీపిని సరిచేస్తుంది. చెడ్డర్‌ని కడ్డీగా కొని ఇంట్లో తురుముకోండి. తురిమి అమ్మేదానికి ఉండకట్టకుండా పొడి కలుపుతారు, అది సాఫీగా కరగదు. తాజా మొజరెల్లా నీళ్ళు వదులుతుంది, దీనికి వద్దు. పనీర్ వేయొచ్చా అని మీరు అడిగారు కదా. పనీర్ నిమ్మరసంతో విరిచింది, అందుకని ఎంత వేడికీ కరగదు. రెనెట్ గొడవ లేదు గనక చిదిమి కూరలో కలపండి, బాగుంటుంది, కానీ చెడ్డర్ చేసే పని దానితో జరగదు.

గుడ్డు టార్ట్‌కి కస్టర్డ్ లెక్క ఒక గుడ్డుకి అరకప్పు హాఫ్ అండ్ హాఫ్, అంటే పాలు, క్రీమ్ సగం సగం కలిపి అమ్మేది. 9 అంగుళాల పళ్ళేనికి 2 పెద్ద గుడ్లు, 1 కప్పు హాఫ్ అండ్ హాఫ్. ఉత్త పాలు పోస్తే పల్చగా, నీరసంగా ఉంటుంది. పూర్తిగా హెవీ క్రీమ్ పోస్తే రెండో ముక్క తినలేరు. నురగ రాకుండా మెల్లగా కలిపి వడకట్టండి. క్రస్ట్‌లో ముందు ఉల్లిపాయ, తర్వాత పాలకూర, స్క్వాష్, పైన రెండు చీజ్‌లు, ఆ మీద కస్టర్డ్. క్రస్ట్ పళ్ళేన్ని ఓవెన్ అరలోనే పెట్టి అక్కడే పోసేస్తే మోసుకెళ్ళేటప్పుడు ఒలకదు. 350 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. అంచులు గట్టిపడి, నడుమ రెండంగుళాల మేర జున్నులా తొణికితే తీసేయాలి. థర్మామీటర్ ఉంటే మధ్యలో 170 డిగ్రీలు. అక్కడినుంచి బయట కూడా అది ఉడుకుతూనే ఉంటుంది. పూర్తిగా గట్టిపడేదాకా లోపలే ఉంచితే గుడ్డులోని ప్రొటీన్ బిగుసుకుని తన నీళ్ళని తనే పిండేస్తుంది. పోయినేడు మీ పళ్ళెంలో కారిన నీళ్ళలో కొంత ఇదే అయ్యుంటుంది.

గుడ్డు లేని టార్ట్‌కి చాలామంది అదే పాలలో కార్న్‌ఫ్లోర్ కలిపి పచ్చిగా పోసేస్తారు. అది ఓవెన్‌లో సరిగ్గా చిక్కబడదు. కార్న్‌ఫ్లోర్ బాగా చిక్కబడాలంటే దాదాపు మరిగేంత వేడి కావాలి, టార్ట్ నడిమధ్యకి ఆ వేడి చేరేలోపు అంచులు మాడతాయి. అందుకని స్టవ్ మీదే చిక్కబరచుకోవాలి. 2 టేబుల్‌స్పూన్ల బటర్‌లో 2 టేబుల్‌స్పూన్ల మైదా, 1 టేబుల్‌స్పూను శనగపిండి వేసి పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. కప్పు పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండ కట్టకుండా తిప్పుతూ, గరిటె జాడ రెండు క్షణాలు నిలిచేంత చిక్కగా ఉడికించండి. శనగపిండి పట్టు ఇస్తుంది, లేత పసుపు రంగు కూడా ఇస్తుంది. గోరువెచ్చగా అయ్యాక ముప్పావు కప్పు రికోటా (మెత్తటి తాజా చీజ్) కలపండి. లేబుల్ మీద పాలు, వెనిగర్, ఉప్పు మాత్రమే ఉన్న రికోటా చూసి తీసుకుని, జల్లెడలో గంటసేపు నీళ్ళు ఓడనివ్వండి. ఆపైన చెడ్డర్, కూర, అన్నీ కలిపే క్రస్ట్‌లో నింపండి. 375 దగ్గర 25 నుంచి 30 నిమిషాలు, పైన అక్కడక్కడ ఎర్రమచ్చలు వచ్చేదాకా. ఇది చల్లారితేనే గట్టిపడుతుంది, గంటసేపు ముట్టుకోకండి.

గుడ్డు వాసన రావడానికి ఇందులో నల్లుప్పు వేయమని కొందరు చెప్తారు. గుడ్డు తిననివాళ్ళలో చాలామందికి ఆ వాసనే పడదు, దయచేసి వేయకండి. ఇంకో మాట. రెండు టార్టులూ ఒకే రోజు చేస్తున్నప్పుడు గుడ్డు లేనిది ముందు కాల్చండి, గిన్నెలు, గరిటెలు విడిగా ఉంచండి, కోసే చాకు కూడా దానికి వేరే పెట్టండి. గుడ్డు లేనిదాని మీద వేయించిన సేజ్ ఆకులు పేర్చండి, రెండోదాని మీద ఏమీ వద్దు. చిన్న చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పక్కన నిలబెట్టండి. నలుగురూ వచ్చి "ఇందులో గుడ్డుందా?" అని ఒక్కొక్కరుగా అడగాల్సిన అవసరం ఉండకూడదు, ఆ అడగడానికే మొహమాటపడి తినకుండా ఊరుకునేవాళ్ళు ఉంటారు.

18 మందిలో సగానికి, మిగతా వంటలు కూడా ఉంటాయి గనక, 9 అంగుళాలవి రెండు చాలు. ఒక్కోటి 8 ముక్కలు. మాంసం తినేవాళ్ళు కూడా ఒక ముక్క రుచి చూస్తారని గుర్తుంచుకోండి. చేయగలిగితే గుడ్డుతో ఇంకొకటి అదనంగా చేయండి. మూడోదానికి అంత ఓపిక లేకపోతే ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీ షీట్ రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, ట్రే మీద పరిచి, అంచు అంగుళం వదిలి మధ్యలో ఫోర్కుతో గుచ్చి, ఉల్లిపాయ, పుట్టగొడుగులు, చీజ్ పేర్చి 400 దగ్గర 25 నిమిషాలు కాల్చండి. కస్టర్డ్ ఉండదు, టెన్షన్ ఉండదు.

ఓవెన్ ఒక్కటే అన్నారు. పండగ రోజు గురువారం పొద్దున్నుంచి అది మూడు నాలుగు గంటలపాటు టర్కీ కోడి చేతిలో ఉంటుంది. కాబట్టి టార్ట్ పని బుధవారం రాత్రికే పూర్తవ్వాలి. సోమవారం పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, అదే రాత్రి ఉల్లిపాయలు వేయించుకోండి. మంగళవారం క్రస్టులు కాల్చి, మూతపెట్టి బయటే ఉంచండి. బుధవారం సాయంత్రం మిగతా కూరలు చేసి, నింపి, కాల్చి, గంట చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. గురువారం టర్కీ ఓవెన్‌లోంచి బయటికి వచ్చాక కోసేముందు దాన్ని అరగంట ఊరుకోనిస్తారు కదా, ఆ అరగంటే మీది. ఓవెన్‌లో ట్రే వేడిచేసి, 350 దగ్గర 20 నిమిషాలు టార్టులు పెట్టండి, అడుగు మళ్ళీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, ఇంత కష్టమూ ఒక్క నిమిషంలో మెత్తబడిపోతుంది. పొద్దునే కాల్చి మధ్యాహ్నం దాకా బయట ఉంచే ఆలోచన వద్దు. పాలు, గుడ్డు ఉన్న వంటకం గది వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు.

పళ్ళెం పట్టుకునేటప్పుడు అంచులనే పట్టుకోండి. కింద చేయిపెట్టి ఎత్తితే అడుగు బిళ్ళ లేచి, అంచు గాజులా మోచేతి దాకా జారిపోతుంది. వేరే ఇంటికి తీసుకెళ్ళేట్టయితే పళ్ళెంలోంచి తీయకుండా, అడుగునుంచి ఫాయిల్ చుట్టి, గట్టి అట్టపెట్టెలో పెట్టి కారు లోపల కాళ్ళ దగ్గర నేల మీద పెట్టండి. సీటు వాలుగా ఉంటుంది.

హైదరాబాద్‌లో, విజయవాడలో క్రిస్మస్‌కి చేద్దామనుకునేవాళ్ళు కూడా ఇది చదవొచ్చు, వాళ్ళకి రెండు మాటలు. మామూలు మైదా బాగా పనిచేస్తుంది. బటర్ ఉప్పుదైతే పిండిలో ఉప్పు మానేయండి. హాఫ్ అండ్ హాఫ్ దొరకదు గనక ప్యాకెట్ ఫ్రెష్ క్రీమ్, పాలు సగం సగం కలపండి. వంటగది వేడిగా ఉంటే పిండి కలిపే గిన్నెని కూడా ముందు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఓటీజీలో (ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్) క్రస్ట్ కాల్చేటప్పుడు కింది కడ్డీ ఒక్కటే వేసి, పళ్ళేన్ని కింది అరలో ఉంచండి.

వడ్డించేటప్పుడు మనవాళ్ళకి పక్కన కారంగా ఏదో ఒకటి కావాలి, టార్ట్‌లో మిరపకాయలు వేసేకన్నా అది విడిగా ఉండటం మంచిది. ఆ రోజుల్లో తాజా క్రాన్‌బెర్రీలు 12 ఔన్సుల సంచుల్లో ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. నూనెలో ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ వేసి, క్రాన్‌బెర్రీలు పోసి అవి పగిలి మగ్గేదాకా ఉంచండి. చింతపండు అక్కర్లేదు, కాయలోనే పులుపు ఉంది. ఉప్పు, కారం, కాస్త బెల్లం వేసి దించండి. ఇది కూడా సోమవారమే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ముక్కకి ఒక్క చెంచా చాలు, ఎక్కువైతే చీజ్ రుచి తెలియదు.